లొట్టి మెడకు కట్టిన పోగు

నా చిన్నప్పుడు మా వాడలో సాంచాల మోత పూర్తిగా ఆగేది దసరా నాడే. మరమగ్గాలను మేము సాంచాలనే అంటాం. ఏడాది పొడుగునా ఆ చప్పుడు మీదుగా అరిచి మాట్లాడుకోవడం అలవాటైన వాళ్ళం కాబట్టి, ఆ ఒక్కరోజు అందరి గొంతులూ అవసరానికి మించి గట్టిగా వినిపించేవి. మధ్యాహ్నం మేకనో గొర్రెనో కోసి వండిన యాటకూర తిన్నాక, సాయంత్రం జమ్మి చెట్టుకు మొక్కి పాలపిట్టను చూడటానికి పోయేలోపు, మగవాళ్ళంతా మా సాంచాల షెడ్డు ముందు చాపలు పరుచుకుని కూర్చునేవారు. తలకొక లొట్టి, అంటే చిన్న కల్లు కుండ. తాటాకు మడిచి చేసిన రేకను నోటి దగ్గర పట్టుకుంటే పక్కనున్నవాళ్ళు లొట్టి వంచి పోయాలి. తండ్రులకు పోసే పని కొడుకులది. అది నాకు పెద్ద గౌరవంగా ఉండేది.

ఒక ఏడు ఎండాకాలంలో మా నాన్నకు, మేము బాపు అనేవాళ్ళం, పచ్చకామెర్లు వచ్చాయి. మళ్ళీ కల్లుగానీ సారగానీ ముట్టుకుంటే మనిషి దక్కడని కరీంనగర్‌లో డాక్టరు మా అమ్మతో, అంటే అవ్వతో, తెగేసి చెప్పాడు. బాపు మానేశాడు. మామూలు రోజులైతే సాంచా ముందు గడిచిపోయేవి. పండగ నాడు నలుగురిలో కూర్చుని వద్దనడం మాత్రం ఆయన వల్ల అయ్యేది కాదు. మొదటి నుంచీ మొహమాటస్తుడు. కూర్చోకపోతే మాట పడాలి, కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది.

దానికి అవ్వ ఒక ఉపాయం చేసింది. ముందురోజే జొన్న అంబలి కాచి చల్లార్చి, పలచటి మజ్జిగ కలిపి, గుడ్డలో రెండుసార్లు వడగట్టి ఖాళీ లొట్టిలో పోసింది. తెల్లగా, పైన సన్నని నురుగుతో, చూసినవాళ్ళెవరికీ అది కల్లు కాదని తెలియదు. గుర్తుకోసం లొట్టి మెడకు ఒక ఎర్ర పోగు కట్టింది. పోసేవాణ్ణి నేనే కాబట్టి ఆ రహస్యం నాకు చెప్పక తప్పలేదు.

“ఎర్ర పోగున్నదే బాపుకు పొయ్యాలె బిడ్డా. ఎవ్వలకు చెప్పకు. బాపు పాణం నీ చేతుల వెడుతున్న” అంది.

ఆ పండక్కి మా మేనమామ దుబాయి నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు. అత్తరు పూసుకుని, మెరిసే గడియారం పెట్టుకుని, పొద్దున్నే మా అరుగు మీద కూర్చుని బాపుతో పరాచికాలు మొదలుపెట్టాడు.

“బావా, ఇయ్యాల గిన నువ్వు మాతోని కూసోకపోతే చీర గట్టి గాజులు తొడిగిస్త!”

“కూసుంట తియ్‌రా. నా లొట్టి నాకుంటది” అని బాపు నవ్వాడు.

ఆ నవ్వు చూస్తే నాకు సిగ్గేసింది. అంబలి మా ఇంట్లో పని లేని రోజుల తిండి, జ్వరం వచ్చినవాళ్ళ తిండి. నా దోస్తుల బాపులంతా దర్జాగా కల్లు తాగుతుంటే, మా బాపు ఒక్కడే దొంగచాటుగా అంబలి తాగాలా? బయటపడితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? బాపుకు బాగైంది కదా, ఒక్క పండగ పూటకు ఏమవుతుంది అనుకున్నాను. అది నాకు నేను చెప్పుకున్న సాకు.

అందరూ తింటున్నప్పుడు షెడ్డులోకి పోయాను. నీడకు వరసగా పెట్టిన లొట్టిల్లో అవ్వ లొట్టికున్న ఎర్ర పోగు విప్పి, పక్కనున్న కల్లు లొట్టికి కట్టాను. తెగిన పోగులను అతకడానికి బాపు నేర్పిన ముడే వేశాను. నాది ఎడమచేతి వాటం. నా ముడి కొస ఎప్పుడూ అందరి ముడికీ ఎదురువైపు తిరిగి ఉంటుందని బాపు నవ్వేవాడు.

అందరూ కూర్చున్నారు. బాపు రేక పట్టాడు. నేను పోశాను. మొదటి గుక్క నోట్లో పడగానే ఆగిపోయాడు. మింగలేదు. బుగ్గలు నిండుగా పెట్టుకుని నా వైపు చూశాడు. తర్వాత లొట్టి మెడ వైపు చూశాడు.

అదే సమయానికి అటు చివర మామ తుపుక్కున ఉమ్మేశాడు.

“థూ! గిదేందిరో, అంబలి! కల్లని చెప్పి అంబలి పోసిండు ముసలోడు! నడువుర్రి, వాని సంగతి జూద్దాం!”

కల్లు తెచ్చిన ముసలాయన వాడ చివరే కూర్చుని ఉన్నాడు. మామతో పాటు ఇంకో ఇద్దరు లేచారు.

బాపు ఆ ఒక్క గుక్క మింగి ఊరుకుంటే తాగుడు మానేశాడన్న సంగతి ఎవరికీ తెలిసేది కాదు. నింద ముసలాయన మీద పడేది. బాపు పక్కకు తిరిగి గోడ పక్కన ఉమ్మి, కండువాతో మూతి తుడుచుకున్నాడు.

“ఆగుర్రి. ఆయన తప్పేం లేదు. గా అంబలి నాది. నేను తాగుడు బందు వెట్టిన. చెప్పనీకి మొకం చెల్లక లొట్టిల పోయించుకున్న. లొట్టిలు తారుమారైనయ్, గంతే.”

అందరూ ఒక్కసారి నవ్వారు. మామ పొట్ట పట్టుకున్నాడు.

“వారి బావో! అంబలి తాగి జమ్మికొస్తవా? పాలపిట్ట గూడ నిన్ను జూసి నవ్వుతది!”

“నవ్వనియ్‌రా. పాణంతోని ఉంటే వొచ్చే దసరకు గూడ నవ్వుతది” అన్నాడు బాపు.

ఆ నవ్వుల మధ్యే ఆయన లొట్టిని ఒళ్ళోకి తీసుకుని, గోటితో ముడి విప్పి, పోగును చుట్ట చుట్టి అంగీ జేబులో పెట్టుకున్నాడు. ఆ ముడి ఇంకెవరి కంటా పడకూడదని. ఆ తర్వాత నాతో, “పోరా, అవ్వనడిగి చెంబెడు అంబలి పట్టుకరా” అన్నాడు. గొంతులో కోపం లేదు. అందరి ముందూ అదే తాగాడు. నేను సగం బయట ఒలకబోస్తుంటే నా మణికట్టు పట్టుకుని నిలిపాడు.

చాలా ఏళ్ళు మా వాడలో ఆయన్ని ‘అంబలాయన’ అన్నారు. ఏ మాటకు నేను భయపడ్డానో ఆ మాట నా చేతుల మీదుగానే ఆయనకు తగిలింది. ఆయన నన్ను ఎప్పుడూ అడగలేదు. నేను చెప్పలేదు. పాపం అవ్వ మాత్రం “నేనే పోగు సక్కగ గట్టలే” అని చివరిదాకా తననే తిట్టుకుంది. పక్కనే ఉండి విన్నాను. అప్పుడు కూడా నోరు విప్పలేదు. అంబలి లొట్టి మార్చినదాని కంటే ఆ మౌనానికే నాకు ఎక్కువ సిగ్గు.

పెద్దయ్యాక బుద్ధి వచ్చిందని కూడా చెప్పలేను. మంచిర్యాలలో ఉద్యోగం చేసినప్పుడు, దావత్‌లలో వద్దన్నవాళ్ళ గ్లాసుల్లో నవ్వుతూ మందు పోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఒకసారి కొత్తగా చేరిన గుమాస్తా ఒకతను నేను పోసింది పట్టుకుని బయటికి పోయి, గోడ పక్కన పారబోసి, నన్ను చూసి తల దించుకున్నాడు. దొంగలా నిలబడవలసింది నేను. నిలబడింది అతను. ఆ తర్వాత ఎవరికీ బలవంతంగా పోయలేదు. ఇప్పుడు మా ఇంట్లో పండగకు అంబలి, బెల్లం పానకం, నిమ్మ షర్బతు అందరి ముందే ఉంటాయి. ఏది తీసుకున్నా ఎందుకని అడగం.

అయినా ఆ రోజు నుంచి నన్ను వెంటాడేది తాగుడు సంగతి కాదు. ఆ మధ్యాహ్నం నేను బాపు గౌరవం కాపాడుతున్నాననే అనుకున్నాను. కాపాడుకున్నది నా పరువును, పందెం పెట్టింది ఆయన ప్రాణాన్ని. అందుకే, ఎవరికైనా మేలు చేస్తున్నానని మనసు గట్టిగా చెప్పినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి, ఇది వాళ్ళ కోసమా, నా కోసమా అని నన్ను నేను అడుగుతాను. ఈ వయసులో కూడా, చాలాసార్లు, వచ్చే జవాబు చెప్పుకునేలా ఉండదు.