ఆరుగురికి ఒకటే గుడ్డ

మాణిక్యమ్మ కత్తెర అప్పటికే ఐదో జత మీద నడుస్తోంది. పసుపు మీద ఎర్ర గళ్ల గుడ్డను గది పొడుగునా పరిచి, మోకాళ్ల మీద వంగి, సుద్ద గీతకు రెండు వేళ్ల అవతల కత్తిరిస్తోంది. గౌను కింది అంచుకైతే నాలుగు వేళ్లు వదులుతుంది. పిల్లల బట్ట ఏది కుట్టినా లోపల అంత గుడ్డ దాచడం ఆమె పద్ధతి. ఏడాది తిరిగాక పిల్ల పెరిగి వస్తే, కుట్టు విప్పి పొడుగు చేస్తుంది. విప్పినచోట వెలిసిపోని రంగు గీతలా మెరుస్తుంది. పిల్ల ఎంత పెరిగిందో ఆ గీతే చెబుతుంది.

ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. పెళ్లైన కొత్తలో పాత జాకెట్ల కుట్లు విప్పి, ఏ ముక్క దేనికి అతికిందో చూసి, మళ్లీ కుట్టి నేర్చుకుంది. గౌలిపుర గల్లీలో ఆమె మిషన్ తిరగబట్టి ముప్పై ఏళ్లు.

ఐదో జత ముక్కలు పక్కన పెట్టి, మిగిలిన గుడ్డ మీద ఆరోదాని కొలత పరిచింది. చాలలేదు. తిప్పి పరిచింది. అడ్డంగా వేసింది. పైభాగం వస్తుంది గాని, నడుము కింది కుచ్చుల భాగం రాదు. ఆరోది నాలుగేళ్ల సోనీది, అందరికన్నా చిన్నపిల్లది.

తప్పెక్కడ జరిగిందో ఆమెకు వెంటనే తెలిసింది. ఈ ఆరుగురికీ గుడ్డ కొని తెచ్చేది ఎప్పుడూ అమల. ఆరుగురు పిల్లల తల్లి. బర్రెలకు గడ్డి వేసి, పాలు పోసి, చేయి ఖాళీ అయ్యాక పిల్లలందరినీ వరసగా నిలబెట్టి చూసుకుని, బజారుకు పోయి అందరికీ ఒకటే థానులోంచి కోయించుకొచ్చేది. ఏడాదికొకసారి నుమాయిష్‌కో జూ పార్కుకో అందరినీ తీసుకుపోవాలని ఆమె పట్టుదల. జనంలో పిల్లలు చెదిరిపోకుండా కంటికి కొట్టొచ్చినట్టు కనబడే ఒకటే రంగు. ఒకసారి నుమాయిష్‌లో రెండోవాడు నందు తప్పిపోయాడు. మైకులో చెప్పించేలోపే ఒక మిర్చిబజ్జీలాయన వాణ్ని రెక్క పట్టుకుని తెచ్చాడు. "ఏందమ్మా, ఇస్కూల్ నడుపుతున్నవా? గీ అంగీ గుడ్డ ఇంకైదుగురి మీద చూసిన, నీ పోరడే అనుకున్న" అన్నాడట. అమల ఆ ముచ్చట చెప్పి చెప్పి నవ్వేది.

పోయిన వానాకాలం నాలుగు రోజుల జ్వరానికి అమల పోయింది. ఈసారి గుడ్డ తెచ్చింది ఆమె మొగుడు బాలరాజ్. దుకాణంలో "పోయినసారెంత తీస్కున్నమో గంతే ఇయ్యి" అని ఉంటాడు. పిల్లలు పోయిన ఏడాదికన్నా పెరిగారన్న సంగతి అతనికి తట్టలేదు.

మాణిక్యమ్మ గుడ్డ ముక్క కొంగులో చుట్టుకుని షేరింగ్ ఆటోలో పత్తర్‌గట్టి బజారుకు పోయింది. నాలుగు దుకాణాలు తిరిగింది. గుడ్డ అమ్మిన దుకాణం ముసలాయన ముక్కను చూడగానే తల ఊపాడు. "వో థాన్ ఖతం హోగయా అమ్మా. దూస్రా దేఖ్‌లేవ్." ఆ థాను అయిపోయింది, వేరేది చూసుకోమన్నాడు.

మధ్యాహ్నం బాలరాజ్ వస్తే ఉన్నమాట చెప్పింది. "సోనీకి పసుపు రంగుది వేరే తీస్కుందాం తమ్మీ. దగ్గర దగ్గర గట్లనే ఉంటది."

బాలరాజ్ గడప మీద కూర్చున్నాడు. "ఎల్లుండి ఐతారం జూకు పోతున్నం. పొద్దుమీకి మా అక్క షోలాపూర్ కెల్లి వచ్చి సోనీని తీస్కపోతది. సోమారం ఆడపిల్లలిద్దరు గురుకులంకు, పోరలు ముగ్గురు నల్లగొండ దిక్కు హాస్టల్‌కు. సోమారం సంది అది ఎట్లాగు వేరేనే గదక్కా. ఆ ఒక్కరోజు గూడ వేరే ఎయ్యాల్నా?"

మాణిక్యమ్మ సోనీ కొలతను మళ్లీ గుడ్డ మీద పరిచి చూపించింది.

"నువ్వు లోపల గుడ్డ వదుల్తవు గద. అది తీసి కుట్టు."

"పెరిగే పిల్లలు, తమ్మీ. సెలవులకొచ్చినప్పుడు ఏమేసుకుంటరు?"

"సెలవులకు యాడికొస్తరు? బర్రెలమ్మిన పైసలు దవాఖానకే పాయె. ఇల్లు ఖాళీ చేస్తున్న. వాచ్‌మన్ నౌకరీ కాడ నాకిచ్చింది గేటు పక్కన ఒక్క మంచం జాగ. ఈ బట్టలు మల్లేసుకునే దినం లేదక్కా. ఫికర్ చెయ్యకు, కొయ్యి."

అతను పోయాక మాణిక్యమ్మ కత్తెర చేతికి తీసుకుంది. ముప్పై ఏళ్లలో పిల్లల బట్ట ఒక్కటి కూడా ఆమె చేతిలోంచి లోపల గుడ్డ వదలకుండా పోలేదు. కాని బాలరాజ్ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. పెద్దపిల్ల గౌను అంచు లాక్కుని నాలుగు వేళ్లూ కోసేసింది. తర్వాత రెండోపిల్లది. తర్వాత మగపిల్లల అంగీల కింది అంచులు. పట్టీలు పట్టీలుగా ఒళ్లో పడ్డాయి.

అతకడం చిన్న పని కాదు. గళ్ల గుడ్డ. ఎర్ర గీత ఒక నూలుపోగు తప్పినా అతుకు బయటపడుతుంది. గీతకు గీత పెట్టి, గుండుసూదులు గుచ్చి, మిషన్ చక్రాన్ని చేత్తో తిప్పుతూ కుట్టింది. రెండుసార్లు విప్పి మళ్లీ అతికింది. శనివారం పొద్దున్నకు సోనీ గౌను కుచ్చుల భాగం తయారైంది. దూరం నుంచి చూస్తే ఒకటే ముక్క.

పగటిపూట పెద్దపిల్ల విమల గౌను తొడుక్కుని చూసుకోవడానికి వచ్చింది. పన్నెండేళ్లది. అంచు తిప్పి చూసింది. తమ బట్టలు మాణిక్యమ్మ విప్పి పొడుగు చేయడం ఎన్నిసార్లో చూసిన పిల్ల.

"పెద్దమ్మా, లోపల ఏం లేదేంది? వచ్చే ఏడు పొట్టిగైతది గద."

"సక్కగ నిలబడు. గుండుసూది ఉన్నది, గుచ్చుకుంటది."

విమల సక్కగా నిలబడింది. తిప్పి పట్టుకున్న అంచును వదిలేసింది.

సాయంత్రానికి కాజాలు తీసి, గుండీలు కుట్టి, దారాలు తెంపి, ఆరింటికీ ఇస్త్రీ చేసింది. అంగీలు మూడు, గౌన్లు మూడు. బాలరాజ్ సంచి పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. పైనున్న సోనీ గౌను తీసి వెలుతురుకు పట్టి చూశాడు. అతుకు కోసం వెతికాడు. దొరకలేదు.

"ఇంకేమన్న మిగిలిందా అక్కా, గుడ్డ?"

"పేలిక గూడ మిగల్లే" అని మాణిక్యమ్మ ఆరు జతలూ సంచిలో సర్ది అతని చేతికిచ్చింది.