దండం బటన్

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. నేను ఒక్క అబద్ధమూ ఆడకుండా, ఒకే ఒక్క బొమ్మ పెట్టి, హైదరాబాదు నుంచి మెదక్ దాకా కుదరాల్సిన సంబంధాలన్నిటినీ ఒక శనివారం మధ్యాహ్నం ఆబిడ్స్‌లోని ఇరుకు మెట్ల మీద కుప్పపోశాను. ఆ కుప్పలో అందరికంటే అడుగున నలిగిపోయింది నా సంబంధమే. ఇప్పుడు నవ్వుతూ చెప్తున్నాను గానీ, ఆ రోజున కిటికీలోంచి దూకి పారిపోదామనే అనుకున్నాను. కింద చెప్పుల దుకాణం రేకులు ఎండకు కాగి ఉన్నాయని ఆగిపోయాను.

కొత్త శతాబ్దం మొదలైన కొత్త. ఆబిడ్స్‌లో ఏ మెట్లెక్కినా పైన ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. నాంపల్లి స్టేషన్ ఎదుట లాడ్జీల కింద నిన్నటిదాకా జిరాక్స్ తీసిన కొట్లన్నీ తెల్లారేసరికి ఇంటర్‌నెట్ సెంటర్లయి కూర్చున్నాయి. మెదక్ దగ్గరి మా ఊరి నుంచి డిగ్రీ పట్టాతో వచ్చిన నేను కూడా అలాంటి మెట్లే ఎక్కి, వెబ్‌సైట్లు తయారు చేయడం నేర్చుకుని దిగాను. ఎక్కినప్పుడు మామూలు జీవన్‌ని. దిగేసరికి కళాకారుణ్ణి.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. నాకొక సిద్ధాంతం కూడా అబ్బింది: తెర మీద అక్షరం వికారం, బొమ్మ అందం. బటన్ మీద దాని పేరు రాయడం పూర్వకాలపు పద్ధతి. ఎవరైనా కాదంటే వాళ్ల మీద జాలిపడేవాణ్ణి.

ఆ రోజుల్లో మా చర్చికి వచ్చే కృపమ్మ ఆంటీ నన్ను పిలిపించింది. ఆంటీది ఒంగోలు వైపు. టీచరుగా రిటైరయ్యాక ఆబిడ్స్ సందులో, చెప్పుల దుకాణం పైన ఒక గదిలో, మన తెలుగు క్రైస్తవ కుటుంబాలకు పెళ్లి సంబంధాలు చూసిపెట్టేది. ఆమె దగ్గర పెళ్లికొడుకులకొకటి, పెళ్లికూతుళ్లకొకటి, రెండు లావుపాటి ఆల్బమ్‌లు ఉండేవి. వాటిని చూడ్డానికే జనం ఊళ్ల నుంచి బస్సులెక్కి వచ్చేవారు.

"జీవన్ బాబూ, నాకు హంగులేం వద్దు" అంది ఆంటీ. "మెదక్‌లో ఉన్న తల్లి మెదక్‌లోనే కూర్చుని ఫోటోలు చూడాలి. నచ్చితే నాకు తెలియాలి. నచ్చకపోతే ఇంకో ఫోటో చూసుకోవాలి. అంతే."

"అంతేనా ఆంటీ?" అన్నాను, విశ్వకర్మను పిలిచి పీట చెక్కమన్నంత చిన్నబుచ్చుకుని.

పీట చెక్కలేదు. సింహాసనం చెక్కాను. ఫోటో కింద వరసగా మూడు బొమ్మలు పెట్టాను. ఇల్లు నొక్కితే మొదటి పేజీకి వెళ్తారు. కన్ను నొక్కితే చదువు, ఉద్యోగం లాంటి వివరాలు వస్తాయి. జోడించిన రెండు చేతులు నొక్కితే, 'మీకు మా వందనాలు, మీ సంబంధం మాకు నచ్చింది' అని ఆంటీకి ఈమెయిల్ వెళ్తుంది, తెర మీదికి తర్వాతి ఫోటో వస్తుంది. ఆ చేతుల బొమ్మ గీసినందుకు నా చేతులు నేనే ముద్దు పెట్టుకున్నాను.

ఆంటీ కళ్లజోడు సవరించుకుని చూసింది. "వీటి కింద పేర్లు రాయవా?"

"బొమ్మ కింద పేరు రాయడమంటే, జోకు చెప్పి 'ఇక నవ్వండి' అన్నట్టు ఆంటీ."

"సరే, నచ్చకపోతే ఏం నొక్కాలి?"

"ఇదిగో, ఈ మూలన బాణం ఉంది కదా!"

"ఎక్కడ? నాకేం కనపడట్లేదే."

"మౌస్ అక్కడికి తీసుకెళ్తే వెలుగుతుంది."

"తీసుకెళ్లకపోతే?"

"దాక్కుని ఉంటుంది. అదే అందం."

ఆంటీ నిట్టూర్చింది. "జనానికి అర్థమవుతుందా బాబూ?"

"చదువురాని వాళ్లకు కూడా అర్థమవుతుంది!" అన్నాను గుండె మీద చెయ్యేసుకుని.

ఆ మాట అక్షరాలా నిజమైంది. అందరికీ అర్థమైంది. కాకపోతే నేననుకున్నది తప్ప మిగతావన్నీ అర్థమయ్యాయి.

సైటు సరిగా నడుస్తోందో లేదో చూడ్డానికి నమూనాగా ఒక పెళ్లికొడుకు కావాల్సి వచ్చాడు. నా ఫోటోనే పెట్టాను. నాంపల్లి స్టూడియోలో వాళ్ల కోటే తొడుక్కుని, వెనక జలపాతం పరదాతో దిగిన ఫోటో అది. కోటు నాకంటే రెండు సైజులు పెద్దది. జలపాతం సరిగ్గా నా నెత్తి మీదే పడుతున్నట్టుంటుంది. "తీసెయ్యకులే, నీకూ పెళ్లీడొచ్చింది కదా" అంది ఆంటీ. అలా పెళ్లికొడుకుల్లో నేనే మొదటివాణ్ణయ్యాను.

ఇక చూడండి. వారం తిరక్కుండానే వందనాలు వచ్చిపడ్డాయి. అందరికీ వచ్చాయి గానీ నాకు వచ్చినన్ని ఎవరికీ రాలేదు. టీచర్లు, నర్సులు, బ్యాంకు అమ్మాయి, ఒక డాక్టరమ్మ కూడా! నాంపల్లిలో ఉండే సునీత అనే లెక్చరర్ దగ్గర్నుంచైతే ఒకే సాయంత్రం మళ్లీ మళ్లీ వచ్చాయి. 'పాపం, ఎంత ఆత్రపడుతోందో పిల్ల!' అనుకున్నాను. అద్దంలో చూసుకున్నాను. అద్దం ఎప్పటిలాంటి ముఖమే చూపించింది. అయినా అద్దాన్ని నమ్మలేదు, ఈమెయిల్‌ని నమ్మాను.

ఎస్టీడీ బూత్ నుంచి అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, నాకు సంబంధాలు వస్తున్నయే!"

"ఔనా బిడ్డా! ఎవలోళ్లు?"

"ఒకలా ఇద్దరా! డాక్టరమ్మ గూడ ఉన్నది."

"ఆమె నిన్ను చూసే నచ్చిందన్నదా?" అంది అమ్మ. తల్లికి కూడా నమ్మకం లేదు, చూశారా! అయినా సాయంత్రానికల్లా ఊరంతా చెప్పి వచ్చింది.

నేను మాత్రం సూటు కుట్టించుకున్నాను. ఆంటీ ముందు కాలు మీద కాలేసుకుని "డాక్టరమ్మ వద్దాంటీ, డ్యూటీలుంటాయి" అంటూ ఒక్కొక్కరినే తోసిపుచ్చాను. చివరికి దయతలచి, ఆ ఆత్రపు లెక్చరర్‌కి ఒక అవకాశం ఇద్దామన్నాను. పైగా ఇంకో సలహా కూడా ఇచ్చాను. "ఒకరికొకరు వందనాలు పంపుకున్నవాళ్లను కూడా అదే శనివారం రమ్మనండి ఆంటీ. సైటు ఎంత బాగా పనిచేస్తోందో అందరికీ తెలుస్తుంది."

ఎవరో ముందే చెప్తే చూసే సరదా పోతుందని, మంచి సంబంధం, వచ్చి చూసుకోండని మాత్రమే ఫోన్లు చేయించాను. అదీ నా తెలివే.

శనివారం నేను సూటులో, అమ్మ కొత్త చీరలో ముందే వచ్చి కూర్చున్నాం. మొదట సునీత, వాళ్ల నాన్న వచ్చారు. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి, పేరు రాజయ్య. వందనాలయ్యాయి. సునీత నా వైపు చూసింది. మళ్లీ చూసింది. తర్వాత వాళ్ల నాన్న చెవిలో చెప్పాననుకుని గదికంతటికీ వినపడేట్టు చెప్పింది.

"నాన్నా, ఈయనకు నేను దండం పెట్టిన గదా!"

అమ్మ మురిసిపోయింది. "చూసినవా జీవన్, పిల్లకు ఎంత మర్యాదనో! మొగనికి ముందుగాలనే దండం పెట్టింది."

"గా దండం కాదమ్మా" అంది సునీత ఇబ్బందిగా. "నీకో దండం, పోయి రా నాయనా అని పెట్టిన."

అమ్మ నవ్వు ఆపి నా వైపు తిరిగింది.

నేను గొంతు సవరించుకున్నాను. "మీరు... చాలాసార్లు పంపారు."

"పంపక ఏం జేస్తనండి? ఎవరన్న నచ్చితే, సొంతిల్లు ఉన్నదో కిరాయికుంటున్నరో చూద్దామని ఇల్లు బొమ్మ నొక్కిన. నొక్కంగనే మళ్ల మొదటికొచ్చింది. మొదట్ల మీరే ఉన్నరు. మళ్ల దండం పెట్టిన. మీరు పోయిన్రు. ఇంకొకరు నచ్చిన్రు, మళ్ల ఇల్లు నొక్కిన. మళ్ల మీరే!"

"మా పిల్ల ఆ రోజు మీతోని శానా పరేషానయింది బాబూ" అన్నాడు రాజయ్య సానుభూతిగా. ఆ సానుభూతి ఎవరి మీదో నాకు తెలియలేదు.

కృపమ్మ ఆంటీ మెల్లగా కుర్చీలో కూలబడింది. "అయితే జీవన్... మిగతా వాళ్ల దండాలు కూడా..."

ఆమె మాట పూర్తి కాకముందే మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది. వస్తున్నారు. ఒకరినొకరు మర్యాదగా వదిలించుకున్నవాళ్లంతా, ఒకరికొకరు నచ్చారని మేము పిలిచిన పుణ్యాన, ఒకే ఇరుకు మెట్ల మీద ఎదురుపడుతున్నారు. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినవాడు నయం. నేను పిల్లుల మందనే పెళ్లికి పిలిచాను.

"ఏందాంటీ ఇది, మేం వద్దన్నోళ్లనే పిలిచిన్రు?" అంది ముందున్న ఒకావిడ.

"మీరేంది వద్దనేది? మేమే ముందుగాల వద్దన్నం!" అంది ఆమె వెనకున్నావిడ.

"మా పిలగాడు మంగళవారమే దండం పెట్టిండు!"

"మా పిల్ల సోమవారమే పెట్టింది!"

పెళ్లి కుదుర్చుకోవడానికి పోటీపడటం చూశాను గానీ, వద్దన్న గౌరవం ముందు ఎవరికి దక్కాలని పోట్లాడుకోవడం అక్కడే చూశాను. ఈ గొడవలో ఇంకో విచిత్రం బయటపడింది. వచ్చినవాళ్లలో సగం మంది మగపిల్లల వాళ్లు ఒకే అమ్మాయి కోసం వచ్చారు. సంగారెడ్డి నుంచి వచ్చిన ఆ అమ్మాయి అమ్మమ్మను ఆంటీ పక్కకు పిలిచింది.

"అమ్మా, మీరు అందరికీ వందనాలు పంపారా?"

"వందనాలేంది? ప్రార్థన చేసిన" అంది ముసలామె. "చేతులు జోడించిన బొమ్మ ఉన్నది గదా. ఒక్కొక్క పిలగాన్ని చూసుకుంట, మంచి పిల్ల దొరకాలె ప్రభువా అని, అందరికీ నొక్కిన. ఎవరన్న మిగిలిపోయిన్రా?"

ఎవరూ మిగల్లేదు. ఆమెను ఏమనగలం?

మెట్ల మీద గోల పెరిగింది. ఇన్నేళ్లుగా నమ్మకం మీద నడిచిన ఆంటీ పని నా బొమ్మతో ఆ సాయంత్రమే మూతపడేట్టుంది. ఆంటీ లేచి గుమ్మంలో నిలబడి, పాతికమంది పిల్లల క్లాసును అణిచిన గొంతుతో "అందరూ కూర్చోండి!" అంది. అందరూ ఎక్కడున్న మెట్టు మీద అక్కడే కూర్చున్నారు. "తప్పు నాది. క్షమించండి" అంటూ చేతులు జోడించబోయి, ఆ చేతుల్ని చూసుకుని చప్పున దించేసుకుంది.

అది చూసి నాకు ఎక్కడలేని సిగ్గూ ముంచుకొచ్చింది. ముందుకు వెళ్లాను. "తప్పు ఆంటీది కాదండి. పేర్లు రాయమని ఆమె ముందే చెప్పింది. నేనే వినలేదు" అన్నాను. కొత్త సూటులో మనిషి తప్పు ఒప్పుకుంటే జనానికి కోపం రాదు, నవ్వొస్తుందని ఆ రోజే తెలిసింది. ఇరానీ హోటల్ నుంచి చాయ్, ఉస్మానియా బిస్కట్లు వచ్చేసరికి ఆ మెట్ల మీదే రెండు కుటుంబాలు పాత చుట్టరికం కూడా తవ్వి తీసుకున్నాయి.

సునీత మాత్రం కంప్యూటర్ దగ్గరికి కుర్చీ లాగి, సంగారెడ్డి అమ్మమ్మను కూర్చోబెట్టింది.

"అమ్మమ్మా, మీకు నచ్చిన పిలగాన్ని చూపెట్టుండ్రి. ఏం నొక్కాలనిపిస్తే గది నొక్కుండ్రి." తర్వాత నా వైపు తిరిగింది. "మీరు జర నోరు మూసుకొని చూడుండ్రి."

మూసుకుని చూశాను. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు. అమ్మమ్మ, కన్ను బొమ్మ మీద వేలు పెట్టి "పిలగానికి చూపు తక్కువనా?" అంది. బాణం జోలికి అసలు పోనే లేదు. నేను చెప్పబోయినప్పుడల్లా సునీత నా వైపు ఒక చూపు చూసేది. విద్యార్థులు ఆమె క్లాసులో ఎందుకు కిక్కురుమనరో అర్థమైంది. అమ్మమ్మ లేచేసరికి నా సింహాసనంలో ఒక్క కోడూ మిగల్లేదు.

సాయంత్రం అమ్మను బస్సెక్కించడానికి వెళ్లాను. "ఊళ్లె ఏమని చెప్పాలె బిడ్డా?" అంది.

"కంప్యూటర్ తప్పు జేసిందని చెప్పమ్మా."

"గా కంప్యూటర్ల అది పెట్టిందెవరంటే?"

బస్సు కదిలింది కాబట్టి బతికిపోయాను.

తర్వాత బొమ్మలన్నీ పీకేశాను. పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో రెండు బటన్లు పెట్టాను. ఒకదాని మీద 'ఈ సంబంధం నచ్చింది, మాట్లాడతాం'. రెండోదాని మీద 'వద్దు, ఇంకొకరిని చూపించండి'. వివరాలన్నీ ఫోటో పక్కనే రాశాను. దాక్కున్న బాణాన్ని చంపేశాను.

కొన్నాళ్లకు కృపమ్మ ఆంటీ ఆనందంగా ఫోన్ చేసింది. "జీవన్ బాబూ, ఎంత బాగుందో నీ సైటు! మెదక్ నుంచి, సంగారెడ్డి నుంచి ఒక్కరు కూడా తికమకపడలేదు. ఎవరికి ఏం కావాలో అదే నొక్కుతున్నారు. పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరికీ సులువుగా ఉంది."

"చాలా సంతోషం ఆంటీ. మరి... నా ఫోటో ఇంకా మొదట్లోనే ఉంది కదా. ఎవరైనా ఏమైనా నొక్కారా?"

"నొక్కారు బాబూ. అందరూ నొక్కారు" అంది ఆంటీ. తర్వాత చాలా మెత్తగా చెప్పింది. "ఒక్కరు కూడా పొరబడలేదు."

కనుక పాఠకులారా, ఆబిడ్స్ మెట్ల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. మాట లేని బటన్ పెట్టను. దాక్కునే బాణం గీయను. ఎవరి అమ్మమ్మనూ కూర్చోబెట్టి చూడకుండా ఏ సైటునూ జనం మీదికి వదలను. అన్నిటికంటే ముఖ్యంగా, నమూనా కోసం నా ఫోటో ఇక జన్మలో పెట్టను. సైటు చెడితే బాగుచేసుకోగలను. అది సరిగ్గా పనిచేస్తేనే తట్టుకోలేను.