ఆ మలుపు దాటితే

గుంపులో అతన్ని అందరూ తోక అంటారు. ఇరవై ఏళ్ళుగా సైకిళ్ళు బాగుచేసే మనిషి. పద్నాలుగు మంది తొమ్మిది రోజుల సైకిల్ యాత్రకి బయల్దేరుతూ అతన్నీ రమ్మన్నారు. పంక్చర్లు వేయాలి, జారిన చైన్లు తగిలించాలి. అంతకన్నా పెద్ద పని, అందరికంటే వెనక తొక్కడం. ఆఖరి మనిషిని దాటి పోకూడదు.

ఆ ఆఖరి మనిషి రోజూ లెక్కల మాస్టారే. మోకాళ్ళు అరిగాయి కానీ పంతం అరగలేదు. ఒక్క కిలోమీటరు కూడా సామాన్ల వ్యాను ఎక్కనని మొదటిరోజే అందరి ముందూ ఒట్టేశాడు.

"ఇంకెంత దూరమోయ్, తోకా?"

"దగ్గరే మాస్టారూ. ఆ మలుపు దాటితే వచ్చేసినట్టే."

ఆరు రోజులుగా ఇదే ప్రశ్న, ఇదే జవాబు. అలసిన మనిషికి కిలోమీటర్లు చెప్పకూడదు, మలుపు చూపించాలి. ఒక్కో మలుపూ ఇంకో మలుపుని కని పక్కకి తప్పుకునేది. మాస్టారు నమ్మేవాడు. నమ్మకపోతే కాలు కదలదు.

ఆరోరోజు దారి తోక చెల్లెలుండే ఊరి మీదుగా వెళ్తుంది. ఆమె బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి కాలర్లు కుడుతుంది. అన్నతో మాట్లాడి మూడేళ్ళయింది. అమ్మ చివరిరోజున ఆసుపత్రి నుంచి ఆమె ఫోన్ చేస్తే, ఇతను షాపులో చక్రం బిగిస్తూనే "దగ్గరే ఉన్నా, మలుపు తిరిగితే ఆసుపత్రే" అన్నాడు. చెల్లెలు ఆ మాటే అమ్మ చెవిలో చెప్పింది. అమ్మ తలుపు వైపు చూస్తూనే పోయింది. అతను రెండు గంటల తర్వాత వచ్చాడు, వేళ్ళనిండా గ్రీజుతో.

మొన్న ధైర్యం చేసి ఫోన్ చేస్తే, "ఒంటిగంటకి భోజనాల బెల్లు. గేటు దగ్గరుంటా. ముప్పావుగంటే," అంది.

ఇవాళ పొద్దుట్నుంచీ ఎదురుగాలి. తొక్కినంతా గాలే తాగేస్తోంది. పన్నెండున్నరకి ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావన్నయ్యా?"

"దగ్గరే. ఆ మలుపు దాటితే..."

"సరే, ఐదు నిమిషాలు ముందే బయటికొస్తా."

పెట్టేసింది. రోడ్డు పక్క కిలోమీటరు రాయి మీద పదిహేడు అని ఉంది. ఆరు రోజుల అలవాటుకి మాట దానంతటదే నోట్లోంచి దొర్లిపోయింది. అన్నయ్యా అని పిలిచిందన్న సంగతి అప్పుడు తట్టింది.

మాస్టారు సైకిల్ దిగి రాయిని చూశాడు, అతన్ని చూశాడు. "పదిహేడా! అయితే నాకూ ఇన్నాళ్ళూ ఇదేనా?"

"అవును మాస్టారూ."

"ఓరి దొంగా! లెక్కల మాస్టారికే తప్పుడు లెక్క చెప్తావా?" అని నవ్వబోయి అతని మొహం చూసి ఆగాడు. "ఎవరు ఫోన్లో?"

అంతా విన్నాక, "నువ్వు పో. నేనేమైనా చంటిపిల్లాణ్ణా తప్పిపోవడానికి?" అన్నాడు.

సైకిల్ ఎక్కబోయి ఆయన మళ్ళీ కాలు కింద పెట్టాడు. ఆయన సీసాలో నీళ్ళు అడుగంటాయి. తోక తన సీసా అందించి, ఫోన్ తీశాడు.

"చెల్లీ, అబద్ధం చెప్పా. ఇంకా పదిహేడు కిలోమీటర్లుంది. రెండున్నర అవుతుంది."

అవతల కుట్టుమిషన్ల హోరు. ఆ హోరులో సన్నగా ఆమె ఊపిరి.

"నాలుగున్నరకి షిఫ్టు దిగుతా."

ఉండమనలేదు. వెళ్ళమనీ అనలేదు.

ఫ్యాక్టరీ చేరేసరికి రెండూ నలభై. గేటు మూసుంది. రాత్రి బస ఇంకో ముప్పై కిలోమీటర్లు. మాస్టారు ఎదురుగా ఉన్న టీకొట్టు బల్ల మీద కూలబడి, వ్యాను డ్రైవరుకి ఫోన్ చేశాడు. "ఐదింటికి రావయ్యా. రెండు సైకిళ్ళు ఎక్కించాలి."

"మాస్టారూ, మీ ఒట్టు..."

"ఆఖరివాడు ఆగితే తోక ఆగాల్సిందేగా? కూర్చో."

తోక గేటు పక్క అరుగు మీద కూర్చున్నాడు. గోడ వెచ్చగా ఉంది. లోపల మిషన్లు కునికిపాట్లు పడుతున్న తేనెటీగల్లా రొదపెడుతున్నాయి. రెప్పలు వాలాయి.

బూటు మీద ఎవరో తట్టారు. జుట్టంతా దూదిపీచు, మెడలో కొలతల టేపు, చెల్లెలు.

"రెండున్నరన్నావు. కిటికీలోంచి చూశా, రెండూ నలభైకి వచ్చావు."

"గాలి."

"పదిహేడు కిలోమీటర్లంటే నమ్మలేదు. భోజనాలప్పుడు మూడుసార్లు మలుపు దాకా వెళ్ళి చూసొచ్చా, నిజంగా దగ్గర్లోనే ఉన్నావేమోనని."

అతను ఆ మలుపు వైపు చూశాడు.

"అమ్మకి అబద్ధం చెప్పింది నువ్వు కాదు," అందామె. "నా నోటితో చెప్పించావు. అదే మింగుడు పడట్లేదు."

"తెలుసు."

"తెలిసి?"

"తెలిసీ మూడేళ్ళు రాలేదు."

లేవబోయాడు. కాళ్ళు మాట వినలేదు. చెల్లెలు చెయ్యిచ్చి లాగింది. లాగలేక తనే పక్కన కూలబడింది.

"ఆగు," అంది. "పొద్దుట్నుంచీ మెడ వంచి కుడుతూనే ఉన్నా."

ఆ చెయ్యి ఇంకా అతని చేతిలోనే ఉంది. ఇద్దరిలో ఎవరికీ దాన్ని తీసే ఓపిక లేదు.