పిస్తోలు ఊపి చూసే ఆర్విల్

ఆర్విల్ హగ్గిన్స్ పిస్తోలు కొనడు. పోలుస్తాడు. ఆరేళ్ళుగా పోలుస్తున్నాడు.

అమెరికాలో, వయొమింగ్ రాష్ట్రంలో మా డ్రై ఫోర్క్ ఊరికి తుపాకుల కొట్టు ఒక్కటే, లోర్నాది. కాలేజీ మధ్యలో వదిలేసి వచ్చి నేను ఆ కౌంటరు వెనక నిలబడ్డాను. నిలబడ్డం నా ఒంటికి పడదు. పది నిమిషాలు ఒకేచోట ఉంటే అరికాళ్ళు మండుతాయి. అలాంటివాడికి దేవుడు ఆర్విల్‌ని పంపాడు.

పొద్దున్నే నేను తలుపు తీసేసరికి మెట్టు మీద ఉంటాడు. నలభై ఏళ్ళు లేతు మెషిను మీద పనిచేసి రిటైరైన మనిషి. చంకలో కాఫీ ఫ్లాస్కు, జేబులో భూతద్దం.

"అబ్బాయ్, ఆ హాలోవే తియ్యి. పక్కన బ్రెన్నక్ పెట్టు."

రెండూ ఒకే పాత నమూనా. వందేళ్ళ కిందట సైన్యం కోసం గీసిన పిస్తోలు. ఇప్పుడు బోలెడు కంపెనీలు దాన్నే చేస్తాయి. నా కంటికి కవల పిల్లలు. ఆర్విల్‌కి మాత్రం ఒకడు దొర, ఒకడు దొంగ.

నేను పైనుండే స్లయిడు వెనక్కి లాగి, ఖాళీ అని చూపించి ఇస్తాను. ఆయన మళ్ళీ తనూ చూసుకుని, కళ్ళు మూసుకుని, కొబ్బరికాయ బేరమాడేవాడిలా చెవి దగ్గర పెట్టి ఊపుతాడు.

"ఇది గలగలమంటోంది."

"నాకేం వినపడట్లేదు."

"నీకెలా వినపడుతుంది? పుట్టినప్పట్నుంచీ చెవుల్లో పాటలే. ఇదిగో, ఈ రెండోది అసలు నోరు విప్పట్లేదు. మరీ బిగువు. కాస్త దుమ్ము పడితే అలిగి కూర్చుంటుంది."

"మరి ఏది తీసుకుంటావు పెద్దాయనా?"

"అప్పుడే ఏం తొందర?"

ఈ మాట విన్నప్పుడల్లా నాకు గోడెక్కి దూకాలనిపించేది.

పాత సరుకొస్తే ఇంకా ఘోరం. ఈ రకం పిస్తోలు విప్పి శుభ్రం చేసి మళ్ళీ బిగించేటప్పుడు పక్కనుండే మీట జారితే, దాని ఒంటి మీద వంకర గీత పడుతుంది. మా వాళ్ళు దాన్ని 'వెధవ గీత' అంటారు. అది కనబడితే చాలు, ఆర్విల్ భూతద్దం జేబులో పెట్టేసేవాడు.

"ఈ గీత గీసినవాడి చేతికి సూపు చెంచా కూడా ఇవ్వకూడదు."

మార్చి నెలలో ఒక గాలిరోజున డ్వేన్ పికెట్ వచ్చాడు. ఊరికి ఉత్తరాన గొర్రెలు పెంచేవాడు. భార్య పోయి మూడు నెలలు. గడ్డం గీసుకోలేదు, గుండీలు తప్పు కన్నాల్లో ఉన్నాయి.

"పిస్తోలివ్వు. ఏదో ఒకటి. త్వరగా."

హమ్మయ్య, మనలాంటివాడు అనుకున్నాను. చేతికందింది తీశాను. ఇంతలో డ్వేన్ లోర్నాతో, "బయట ట్రక్కులో కుక్క ఉంది. మంచిది. నువ్వు పెంచుకుంటావా?" అన్నాడు.

లోర్నా నా చేతిలోంచి పిస్తోలు లాక్కుని అరలో పెట్టి తాళం వేసింది. ఆర్విల్ కాఫీ కప్పు ఠక్కున కింద పెట్టాడు.

"ఏదో ఒకటా? ఏదో ఒకటంటావేమయ్యా డ్వేన్! ఇది పోత పోసిన ఉక్కో, కాచి సాగగొట్టినదో తెలుసా నీకు? ఆ కుక్కని లోపలికి తే. ఇలా కూర్చో."

ఇక మొదలు. ఉక్కు గురించి గంట. స్ప్రింగుల గురించి గంటన్నర. అరలోని పిస్తోళ్ళని అద్దంలోంచి చూపించడమే తప్ప ఒక్కటీ బయటికి తీయనివ్వలేదు. కుక్క ఆయన శాండ్‌విచ్ తినేసింది. మధ్యాహ్నం కావస్తుండగా డ్వేన్‌కి ఒళ్ళు మండింది.

"ముసలోడా, నీ వాగుడు ఆపుతావా? మా నాన్న దగ్గర హాలోవే ఉండేది. ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ తూటా ఇరుక్కోలేదు!"

"అబద్ధం!"

"రేపు ఆ పిస్తోలుతో ఆయన దిగిన ఫొటో తెస్తా, చూసి చావు!"

"తే. కుక్కనీ తే. అప్పటిదాకా మా ఇంట్లో పడుకో, నీ ట్రక్కు నేను నడుపుతా."

డ్వేన్ వట్టి చేతుల్తో ఆయన వెంట వెళ్ళాడు. నేను భగ్గుమన్నాను.

"లోర్నా, ఈయన మన బేరాలన్నీ చెడగొడుతున్నాడు!"

"ఎవరి బేరాలు?" అంది లోర్నా. "వేటకొచ్చేవాళ్ళని ఎప్పుడన్నా ఆపాడా? గురి పోటీలకెళ్ళేవాళ్ళని? 'ఏదో ఒకటి' అన్నవాళ్ళని మాత్రమే ఆపుతాడు. ఆరేళ్ళలో తొమ్మిదిమంది. తొమ్మండుగురూ నాకు క్రిస్మస్ కార్డు పంపిస్తారు."

నా అరికాళ్ళు మండడం ఆగిపోయింది.

మర్నాడు డ్వేన్ ఫొటో తెచ్చాడు. వారం తర్వాత అతన్ని డాక్టరు దగ్గరికి ఆర్విలే దగ్గరుండి తీసుకెళ్ళాడు. ఇప్పుడు మంగళవారం మంగళవారం వచ్చి ఆర్విల్‌తో పోట్లాడతాడు. పిస్తోలు ఊసే ఎత్తడు. కుక్కని ఇస్తావా అని అడిగితే కరిచేలా చూస్తాడు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "పెద్దాయనా, నీకసలు పిస్తోలుందా?"

గుడ్డలో చుట్టిందొకటి మర్నాడు తెచ్చాడు. చవకరకం. ఊపక్కర్లేదు, పట్టుకుంటేనే గలగల. పక్కన వెధవ గీత. ఒకటి కాదు, రెండు.

"ఇది నువ్వు కొన్నావా!"

"ఐదు నిమిషాల్లో కొన్నాను, ఏదో ఒకటి ఇవ్వమని. మా ఆవిడ చనిపోయిన ఏడాది." ముక్కు తుడుచుకున్నాడు. "ఇంటికెళ్తుంటే టైరు పంచరైంది. మార్చేసరికి ఆకలేసింది. తింటే నిద్రొచ్చింది. లేచేసరికి ఎందుకు కొన్నానో ఆ పట్టు పోయింది."

నిన్న ఆర్విల్ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆ టైములోనే ఒకతను గాలిలా వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏదో ఒకటి ఇవ్వు. తొందరగా."

నేను అర తాళంచెవి జేబులో వేసుకుని, ఆర్విల్ కుర్చీ అతని ముందుకు జరిపాను.

"అప్పుడే ఏం తొందరన్నా?" అన్నాను. "కాఫీలో చక్కెరెంత?"