పంటి కింద తారు

ఉడికిన తారును అందరూ కంటితో చూస్తారు, తారు మేస్త్రి పంటితో చూస్తాడు. చిన్న ఉండ చల్లార్చి నములుతాడు. పంటికి అంటుకుంటే మంచిది, పొడిపొడిగా విరిగితే చచ్చిన సరుకు. తండ్రి నేర్పిన విద్య అది. కంట్రాక్టరు కూడా మిషన్లను కాదని ఆ పన్నునే నమ్ముతాడు. రోడ్ల ల్యాబులో పనిచేసే కూతురు మాత్రం "ఉమ్మెయ్ నాన్నా" అని నెత్తీనోరూ బాదుకుంటుంది. వింటే ఆయన మేస్త్రి ఎందుకవుతాడు?

ఆ తారు ఫ్యాక్టరీది కాదు. పేట చివర గుంటలో భూమిలోంచి ఊరుతుంది. మనిషి లోతు తవ్వినా కొన్నాళ్లకు దానంతటదే పూడుకుంటుంది. ముప్పై ఏళ్లుగా చూస్తున్నా మేస్త్రికి ఆ వింత పాతబడలేదు. గుంట దగ్గర గొంతు తగ్గించే మాట్లాడతాడు.

ఈసారి ఆసుపత్రి రోడ్డు తవ్వి మళ్లీ వేయాలి. గుంటను బావి వైపు పెంచుదామన్నాడు కంట్రాక్టరు. పేటంతా తాగేది ఆ బావి నీళ్లే. కూతురు తండ్రిని గుంటలోకి దింపి, గట్టు రాతిలో తాత కొట్టిన మేకు చూపించింది. అప్పట్లో తారు అక్కడిదాకా ఉండేదట. ఇప్పుడు మేస్త్రి చెయ్యెత్తినా అందలేదు.

"ఊరుతోంది గానీ, మనం తోడినంత ఊరట్లేదు నాన్నా. అటు తవ్వితే బావిలోకి దిగుతుంది. తవ్వేసిన పాత రోడ్డు పెచ్చులే కరిగిద్దాం."

"అది చచ్చిన సరుకమ్మా. ఎన్నిసార్లు నమిలి చూశానో."

"పొగ నీలంగా లేచేదాకా మాడ్చి నమిలావు. ఒక్కసారి నా మంట మీద చూడు."

థర్మామీటరు పెట్టి, సన్న సెగ మీద పెచ్చులు వేసి, గుంట తారు కొంచెం కలిపింది. మేస్త్రి మూతి ముడుచుకుని కూర్చున్నాడు. పొగే లేదు, ఇదేం ఉడకడమని గొణిగాడు. గంటకల్లా పెచ్చులు కరిగి నిగనిగలాడాయి. ఉండ చేసి పంటి కింద పెట్టాడు. అంటుకుంది.

ఆయన మళ్లీ నమిలాడు. ముప్పై ఏళ్ల కిందట తన చేత్తో పోసిన రోడ్డు అది. ఎన్ని లారీలు తొక్కినా, ఎన్ని వానలు కొట్టినా, లోపల ప్రాణం అలాగే ఉంది.

"ఏమంటావు మేస్త్రీ?" అన్నాడు కంట్రాక్టరు.

"గుంట పెంచొద్దు. పాతదే వేద్దాం."

బావి వెనక, ఇన్నేళ్లూ ఆయన మాట మీద పారబోసిన పెచ్చుల దిబ్బ వాగు దాకా పరుచుకుని ఉంది. మేస్త్రి అటు చూశాడు.

"బతికున్నదాన్ని చచ్చిందన్నది నేనే కదమ్మా," అన్నాడు.

కూతురు బావి నీళ్లు తోడి చెంబు అందించింది. ఈసారి ఆమె చెప్పకుండానే ఆయన తారు ఉమ్మేసి, నోరు పుక్కిలించి, గుక్కెడు మింగాడు. నీళ్లు ఇంకా తియ్యగానే ఉన్నాయి.