బొమ్మ ఆగితే మాట ఆపాలి

తెలంగాణ సరిహద్దు అవతల, మద్దేడ్‌లో పెద్దరోడ్డు పక్కన, పంచర్ల కొట్టుకూ చికెన్ దుకాణానికీ నడుమ కమలేష్ చాయిస్ సెంటర్ ఉంది. ఆధార్ మార్పులు, పెన్షన్ దరఖాస్తులు, కుల ధ్రువపత్రాలు అక్కడే పుడతాయి. కొన్ని అక్కడే కన్నుమూస్తాయి. కానీ కమలేష్ కీర్తికి మూలం అది కాదు. కలవని వీడియో కాల్‌ను కలపడంలో బీజాపూర్ నుంచి భోపాలపట్నం దాకా తనకు సాటి లేరని అతని అభిప్రాయం. ఊరిదీ అదే అభిప్రాయం.

ఆ విద్య అవసరం కొద్దీ అబ్బింది. సెంటర్ కంప్యూటర్లో ఉన్నది ఉచితంగా దొరికే లినక్స్. అవతల ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో ఉండేది విండోస్. రెండూ ఇష్టం లేని పెళ్లికి వచ్చిన వియ్యంకుల్లా ఒకే పందిట్లో కూర్చుంటాయి గాని పలకరించుకోవు. మధ్యవర్తి కమలేష్. మైకు మూసుకుంటే తెరుస్తాడు, కెమెరా అలిగితే బతిమాలతాడు. హిందీలో తిట్టి గోండీలో ఓదారుస్తాడు.

వచ్చినవాళ్లకు అతను నేర్పిన ధర్మసూత్రం ఒక్కటే: బొమ్మ ఆగితే మాట ఆపాలి. నెట్ సరిగ్గా నిలవని చోట అనుభవం మీద పుట్టిన సూత్రమది. ఆగిన బొమ్మతో ఎంత మాట్లాడినా అవతలికి చేరదు, మళ్లీ మొదటినుంచి చెప్పాల్సిందే. మూడేళ్లలో చుట్టుపక్కల ఊళ్లన్నీ ఈ క్రమశిక్షణకు వచ్చాయి. తెర మీద ముఖం కొయ్యబారగానే ముసలివాళ్లు సైతం నోరు మూసుకుని, అది కదిలేదాకా భక్తిగా కూర్చునేవారు.

మొన్న ఏప్రిల్లో సుక్కి వచ్చింది. ఆమె భర్త సోమారు మిరపకోతకు తెలంగాణ పోయి, ఊపిరితిత్తుల జబ్బు పడి, అక్కడే నగరంలో ఓ పెద్దాసుపత్రిలో ఉన్నాడు. వార్డులోకి ఎవరినీ రానివ్వరు. రోజుకు పావుగంట మాత్రం నర్సు ఒక కంప్యూటర్ని మంచం దగ్గరికి తోసుకొచ్చి పెడుతుంది. ఆ రోజు ఊళ్లో టవర్ పోయింది, ఫోన్లు మూగవోయాయి. సెంటర్‌కు తీగ మీద వచ్చే నెట్ ఒక్కటే దిక్కు.

"ఏందక్కా, బావకు ఏం చెప్తవు?" అన్నాడు కమలేష్.

"పోయేటప్పుడు కొట్లాడిన తమ్మీ. ఇంటి పెంకులు సర్దకుంట పోతున్నడని కోపమొచ్చింది. ఇగ రాకున్నా మంచిదే పో అన్న." సుక్కి తెర వైపే చూస్తోంది. "ఆ మాట ఎనక్కి తీసుకోవాలె."

"గంతేనా? నిమిషం పని."

కాల్ కలిసింది. సోమారు ముఖం వచ్చింది. ముక్కుకు గొట్టం, సగం తెరిచిన కళ్లు. వచ్చింది వచ్చినట్టే ఆగిపోయింది. మాట కోసం తెరిచిన నోరు సుక్కి మూసుకుంది.

కమలేష్ రంగంలోకి దిగాడు. కెమెరా మార్చాడు, అనుమతులన్నీ తిరగేశాడు. నడుమ ఎక్కడో చక్రాల చప్పుడు, ఎవరిదో దగ్గు వినిపించాయి. చక్రాలు రోడ్డువనీ, దగ్గు గుమ్మంలో వరసకట్టిన వాళ్లదనీ అనుకున్నాడు.

"ఆగక్కా, ఇప్పుడే మాట్లాడకు. మాట ఖరాబైతది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పన్నెండో నిమిషంలో జబ్బు దొరికింది. బ్రౌజర్లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అని ఒక గడి. దాంట్లో టిక్కు తీసేసి మళ్లీ కాల్‌లో చేరాడు. బొమ్మ కదిలింది. కమలేష్ విజేతలా వెనక్కి వాలాడు. కదిలే బొమ్మలో మాత్రం సోమారు లేడు. నర్సు ప్రసన్నకుమారి కంప్యూటర్ని వార్డు బయటికి నెట్టుకొస్తోంది.

"టైమైపోయిందమ్మా. ఆయాసం ఎక్కువైంది, డాక్టరుగారు లోపలున్నారు. ఏటమ్మా, ఇద్దరూ ఒక్క మాటైనా మాటాడుకోనేదేటి?"

"బొమ్మ ఆగింది కద సిస్టర్," అన్నాడు కమలేష్.

"బొమ్మ ఇక్కడా ఆగింది బాబూ. మాటకేటి, శుభ్రంగా వచ్చింది. మీ లారీలు, కోళ్లు, ఆవిడ గాజులు, అన్నీ వినబడ్డాయి. నేను పక్క మంచం కాణ్నుంచి ఆయన్ని మాటాడమని చెయ్యూపాను. ఆయనే తెర చూపించి, తల అడ్డంగా ఊపేడు."

సోమారుకు సూత్రం నేర్పింది కమలేషే. అంత బుద్ధిమంతుడైన శిష్యుడు ఇంకొకడు లేడు.

సుక్కి కొంగు నోటి మీంచి తీసి అడిగింది. "అంటే ఇనబడుతుండెనా తమ్మీ?"

"ఇనబడుతుండె అక్కా."

"ఆ దగ్గింది ఆయనేనా?"

కమలేష్ తలవంచుకుని అవునన్నాడు. రేపు పొద్దున్నే మళ్లీ కలుపుతానన్నాడు.

మర్నాడు అతను షట్టర్ ఎత్తేసరికి ఆమె మెట్టు మీద కూర్చుని ఉంది. కాల్ కలిసిందని చెప్పాడో లేదో కళ్లు గట్టిగా మూసుకుని మొదలుపెట్టింది. ఈసారి బొమ్మతో ఆమెకు పని లేదు.

"ఓ మనిషీ, ఇను. నేనన్నది మనసుల పెట్టుకోకు. కోపంల అన్న. పెంకులు నేనే ఎక్కి సర్దిన, మూడు పగిలినయ్. వచ్చి తిట్టు, పడ్త. నువ్వైతే రా. రాకుంటే మంచిదెట్లయితది? రా."

తెర మీద ప్రసన్నకుమారి ఒక్కతే ఉంది. మొదటి మాటకే ఆపబోయి చెయ్యెత్తింది, మళ్లీ దించేసింది. చివరిదాకా విన్నది.

"అమ్మా," అంది తర్వాత. "తెల్లారగట్ల పోయేడమ్మా. నిద్రలోనే పోయేడు."

బొమ్మ ఒక్కసారీ ఆగలేదు. మాటలో ఒక్క అక్షరం తెగలేదు. కమలేష్ సెంటర్ చరిత్రలో అంత నిర్దోషంగా నడిచిన కాల్ లేదు.

"వినబడతందా అమ్మా?" అని అడుగుతోంది ప్రసన్నకుమారి.

సుక్కి కళ్లు తెరవలేదు. కమలేష్ అలవాటుగా మౌస్ మీద చెయ్యి వేశాడు. బాగుచేయడానికి అక్కడ ఏమీ లేదు.