గోరు దిగని టైరు

మా బావగారు కొండలరావుకి ఏ వస్తువుని చూసినా ఒకటే ప్రశ్న: "ఎన్నాళ్లు మన్నుతుంది?" నోటితో అడిగి ఊరుకుంటే బాగానే ఉండేది. బొటనవేలి గోరుతో ఓసారి నొక్కి కూడా చూస్తారు. అంబాజీపేటలో ఆయనది కొబ్బరి వ్యాపారం. ఎండు కొబ్బరిలో గోరు దిగితే ఇంకా పచ్చి ఉన్నట్టు, బూజు పడుతుంది. దిగకపోతే బాగా ఎండినట్టు, మన్నుతుంది. కొబ్బరికి ఈ పరీక్ష న్యాయమే. ఆయన దాన్ని చెప్పులకీ, బకెట్లకీ, సోఫాలకీ, చివరికి మనుషులకీ పెట్టేశారు.

మా పెదనాన్న మనవరాలు సరోజినికి పెళ్లిచూపులు జరుగుతుంటే, పెళ్లికొడుకు చెయ్యి కలిపే వంకన అరచేతిలో గోరు దించారు. ఆ అబ్బాయి "అబ్బా" అన్నాడు. బావగారు నా చెవి దగ్గరకి వంగి, "పచ్చి సరుకోయ్ ప్రభాకరం, ఇంకో రెండెండలు తగలాలి" అన్నారు. సంబంధం కుదిరింది లెండి. పెళ్లిలో బావగారు అక్షింతలు వేయడానికి వచ్చినప్పుడు మాత్రం ఆ అబ్బాయి చేతులు రెండూ తొడల కింద దాచుకున్నాడు.

ఇక గొడుగు. అక్కతో పెళ్లప్పుడు మా నాన్న పెట్టిన గొడుగు ఆయన దగ్గర ఇప్పటికీ కొత్తదానిలా ఉంది. ఎందుకుండదు? వాన మొదలవగానే దాన్ని చొక్కాలో దూర్చుకుని, తాను తడుస్తూ ఇంటికొస్తారు.

"గొడుగు పెట్టుకుని తడవడం ఏం ఖర్మండీ?" అంటుంది మా అక్క మహాలక్ష్మమ్మ.

"నేను తడిస్తే ఆరతానే. గొడుగు తడిస్తే తుప్పడతది."

ఇలాంటి మనిషి మోటారుసైకిల్ కొంటే ఎలాంటిది కొంటారు? విశాఖపట్నంలో ఓ డాక్టరుగారు నడుం పట్టేసి వదిలించుకుంటున్న బండిని కొన్నారు. దూరప్రయాణాలకని చేసిన భారీ బండి అది. పడితే లేపడానికి కొబ్బరి లోడెత్తే మనుషుల్ని పిలవాలి. అక్క దాన్ని ఏనుగు అంటుంది. అంటూనే, పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుని రామేశ్వరం వెళ్లొచ్చింది, ఆ తర్వాత కాశీ కూడా వెళ్లొచ్చింది. కాశీ నుంచి తిరిగొచ్చాక చూస్తే టైర్లు రెండూ నడిమధ్య బల్లపరుపుగా అరిగిపోయి, తిరపతిలో మొక్కు తీర్చుకున్న తలల్లా ఉన్నాయి. కొత్త టైర్లు వేయాలి. అక్కడి నుంచి నా కష్టాలు మొదలయ్యాయి, ఎందుకంటే ఎక్కడికెళ్లినా ఆయనకి తోడు నేనే.

అంబాజీపేట నుంచి అమలాపురం వెళ్లే రోడ్డు పక్కన అప్పుడే కుమారి టైర్ల షాపు తెరిచింది. వాళ్ల నాన్న అయ్యప్ప బతికున్నన్నాళ్లూ అక్కడే పంక్చర్లు వేసేవాడు. ఈ పిల్ల చిన్నప్పుడే ఆయన పక్కన కూర్చుని పని పట్టేసింది. తర్వాత కువైట్ వెళ్లి అరబ్బుల ఇంట్లో ఏళ్లపాటు పనిచేసి, కూడబెట్టిన దానితో టైర్లు ఊడదీసే మిషను కొని, పెద్ద బోర్డు పెట్టింది. అంతా బాగుంది. షాపుకి వచ్చేవాళ్లే లేరు. ఆడమనిషి బిగించిన టైరు దారిలో ఊడిపోతుందని ఎవరో మేధావి అన్నాడట. మిగతా మేధావులు తలూపారు.

"దసరా దాకా చూస్తానండి," అని మొదటి రోజే మాతో చెప్పింది కుమారి. "షాపు నిలబడిందా సరేసరి. లేదంటే మళ్లీ కువైటే. ఏజెంటు రోజూ ఫోన్ చేస్తన్నాడు. మమతని మళ్లీ మా అమ్మ దగ్గర వదిలేసి పోవాలి." మమత ఆమె కూతురు. పోయినసారి అమ్మ వెళ్లేటప్పటికి దానికి మాటలు కూడా సరిగ్గా రాలేదు.

బావగారు ఇవేవీ విన్నట్టు కనబడలేదు. టైరు మీద గోరు నొక్కి చూస్తున్నారు.

"ఇది ఎన్నాళ్లు మన్నుతుందమ్మాయ్?"

"మీ బండికి రెండు రకాలున్నాయండి బాబాయిగారూ. గట్టి రబ్బరుదైతే ఎక్కువ కాలం వస్తది. కానీ తడి రోడ్డు మీద పట్టు తక్కువ. మెత్తదైతే వానలో అతుక్కుని పోతది, కాకపోతే తొందరగా అరిగిపోద్ది."

"గోరు దిగుతోంది. పచ్చి సరుకు."

"టైరు కొబ్బరి కాదండి."

"మన్నేదేదైనా ఒకటేనమ్మా."

ఆ వారంలోనే కుమారి మా బండి సైజువి రెండు రకాలూ కాకినాడ నుంచి తెప్పించి ముందు పెట్టింది. బావగారు వాటిని చూసి, నొక్కి, వాసన చూసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపబోయారు. లోపల నీళ్లుండవని నేను గుర్తుచేశాను. చివరికి "రేపొచ్చి చెబుతా" అన్నారు.

రేపొచ్చింది. మర్నాడూ వచ్చింది. ఆ బోడి టైర్లతోనే, సైకిళ్లు దాటిపోయేంత నెమ్మదిగా ఏనుగుని నడుపుకుంటూ పొద్దున్నే వెళ్లి, షాపు ముందు రోడ్డుకి ఎదురుగా నిలబెట్టేవారు. పక్కన కుర్చీ వేసుకునేవారు. ఎండలో ఆ బండి తళతళలాడుతుంటే కొబ్బరి లోడు లారీ డ్రైవర్లు దిగి చూసేవారు. రొయ్యల చెరువులకి వెళ్లే కుర్రాళ్లు ఫొటోలు తీసుకునేవారు. ఎవడైనా కొత్తవాడు ఆగడం ఆలస్యం, బావగారు గొంతు పెంచి మళ్లీ మొదటినుంచి అందుకునేవారు.

"అమ్మాయ్, ఇది ఎన్నాళ్లు మన్నుతుందన్నావ్?"

కుమారి ఓపిగ్గా మళ్లీ చెప్పేది. గట్టి రబ్బరు సంగతి, మెత్త రబ్బరు సంగతి, వెనక మనిషీ సామానూ ఉంటే గాలి ఎంత ఉండాలో, గాలి తక్కువైతే అంచులు ఎలా అరుగుతాయో, అన్నీ. నాకు నిద్రలో కూడా అప్పజెప్పగలిగేంతగా వచ్చేసింది. విన్నవాళ్లు "ఓసారి మా బండికి కూడా గాలి చూడమ్మా" అనేవారు. నేను తల పట్టుకుని కూర్చునేవాణ్ణి.

"బావగారూ, ఆవిడ నోరు నొప్పెడతంది. ఏదోటి వేయించేయండి."

"తొందరపడి కొన్న సరుకూ, తొందరపడి ఇచ్చిన మాటా మన్నవోయ్."

వినాయక చవితికి పులిహోర కలపడానికి పెద్ద గుండిగ కావాలని అక్క నన్ను అటకెక్కించింది. గుండిగ వెనక గోనెపట్టా కప్పి ఏదో ఉంది. తీసి చూద్దును కదా, కొత్త టైర్లు. రెండు. ఏనుగువే. గట్టి రబ్బరువి. దుమ్ము కూడా పట్టింది. అంచుల మీద వరసగా, లోపలికి దిగని గోటి గీతలు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంట్లో టైర్లు పెట్టుకుని, పాపం ఆ పిల్లని ఇన్నాళ్లుగా ఆడిస్తారా? గుండిగ అక్కడే పడేసి, కొట్టు గదిలో కొబ్బరి గుట్టల మధ్య కూర్చున్న ఆయన దగ్గరకి వెళ్లాను.

"అటక మీద టైర్లెవరివండి?"

బావగారు తల ఎత్తలేదు. "నావే. కాశీ వెళ్లకముందే మద్రాసు లోడు లారీలో తెప్పించేను."

"ఇంకో షాపు నుంచి తెచ్చుకుని, కుమారి దగ్గర రోజూ ఆ బేరమేంటండి? ఆవిడ మీకోసం కాకినాడ నుంచి సరుకు తెప్పించింది. ఇది మర్యాదేనా?"

"తలుపు దగ్గరకెయ్యి" అన్నారు. వేశాను.

"ఆ షాపు తెరిచిన రోజు ఎంతమంది వచ్చేరు?"

"ఎవరూ రాలేదు."

"నేను పొద్దున్నే వెళ్లి, ఈ టైర్లు వేయించుకుని వచ్చేస్తే?"

"మీ పనైపోయేది."

"నా పనీ అయిపోయేది, దాని షాపూ అయిపోయేది." చేతిలోని కొబ్బరి చిప్పని గోరుతో గీశారు. "షాపు మంచిదని నేను నోటితో చెబితే ఎవడు నమ్ముతాడోయ్? చెప్పులు కొనడానికి ఏడు ఊళ్లు తిరిగే కొండలరావు అక్కడే కుర్చీ వేసుకు కూర్చున్నాడంటే నమ్ముతారు. బండి చూడ్డానికి ఆగుతారు. ఆగినోళ్లు ఆ పిల్ల మాట వింటారు. విన్నోళ్లు ఇంకెక్కడికెళ్తారు?"

నేను వెళ్లి తలుపు గడియ కూడా పెట్టొచ్చాను.

"ఆ చంటిది ఇంకా ఎన్నాళ్లు ఫోన్లో చూసుకుంటదోయ్ అమ్మని? నాకు మనసొప్పలేదు" అన్నారు. అని, నావైపు అనుమానంగా చూశారు. "మీ అక్కకి చెప్పేవనుకో, సాయంత్రానికి రాజోలు దాకా పాకుద్ది. అసలు నీ నోట్లో మాట ఎన్నాళ్లు మన్నుతుంది?"

అంటూ నా భుజమ్మీద గోరు దించారు. ప్రాణం పోయినంత పనైంది. పళ్లు బిగబట్టి నిలబడ్డాను.

"పర్లేదు, ఎండేవు" అన్నారు బావగారు.

దసరా నాడు ఆ రోడ్డంతా పండగలా ఉంది. కుమారి షాపు ముందు బంతిపూలు కట్టిన ఆటోలు, లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. కొత్త టైరు వేయించుకుని పూజ చేయించుకోవాలని అందరికీ అదే రోజు గుర్తొచ్చింది. ఆడమనిషి బిగిస్తే ఊడిపోతుందన్న మేధావి కూడా తన ట్రాక్టరుతో వరసలో నిలబడి, నిమ్మకాయ చేతిలో పట్టుకుని, ముందున్నవాణ్ణి తొందరపెడుతున్నాడు. మమత అందరి బళ్లకీ బొట్లు పెడుతోంది.

మమ్మల్ని చూడగానే కుమారి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"బాబాయిగారూ, ఏజెంటుకి ఫోన్ చేసి రానని చెప్పేసేనండి."

"ఆయ్," అన్నారు బావగారు, వాతావరణం సంగతి చెప్పినట్టు. "అయితే మన టైర్లు వేసెయ్యమ్మా."

చుట్టూ ఉన్నవాళ్లు పని ఆపేసి చూశారు. లారీ మీదున్నవాడు కిందికి దిగాడు. కొండలరావు నిర్ణయం తీసుకోవడం చాలామంది పుట్టాక చూడలేదు.

"గట్టివేనాండీ?"

"మెత్తవి."

కుమారి ఆయన మొహంలోకి చూసింది. "అవి ఎక్కువ కాలం మన్నవండి. మళ్లీ తొందరగానే మార్చుకోవాలి."

"అందుకేనమ్మా. లేకపోతే మళ్లీ ఇటు రావడానికి నాకేం పనుంది? ఆ గట్టివి కూడా అట్టే ఉంచు, పై ఏటికి."

కుమారి కళ్లు ఒకసారి మోచేత్తో తుడుచుకుని, టైరు తీసుకొచ్చి ఆయన ముందు పెట్టింది. తన బొటనవేలి గోరు దానిమీద గట్టిగా నొక్కింది.

"గోరు దిగిందండి బాబాయిగారూ. పచ్చి సరుకే."

"వేసెయ్, వేసెయ్. వానొచ్చేలా ఉంది" అంటూ బావగారు గొడుగుని చొక్కాలో దూర్చుకున్నారు.

ఆ మెత్త టైర్లు అప్పుడే సగం అరిగాయి. అటక మీది టైర్ల సంగతి అక్కకి ఇప్పటికీ తెలియదు. మొన్న గుండిగ మళ్లీ పైన పెట్టడానికి ఎక్కి చూశాను. చెక్కుచెదరలేదు. బ్రహ్మాండంగా మన్నుతున్నాయి.